ఉపాధ్యాయుని తీరిక

బిడ్డ హైస్కూలులో చేరగానే మన యిండ్లలో పుట్టు మొదటి ప్రశ్న పుస్తకములను గూర్చినది. ఏ వ్యాకరణము మంచిది, ఏ నోట్సు చదివిన మార్కులు వచ్చును అని తల్లిదండ్రులు విచారింతురు. ఆ బిడ్డ వ్రాసిన వ్యాసమును దిద్దువారెవరు, దిద్దుటకు వారికి తీరిక యెంత యని విచారించువా రరుదు. ఈ రెండు ప్రశ్నలలో ఏది ముఖ్యమో తేల్చుకొనుటకు అమెరికా సంయుక్త రాష్ట్రముల విద్యాచరిత్ర మిక్కిలి యుపకరించును. అచ్చట ఇంగ్లీషు పెక్కుమందికి ఇంటిభాష. అయినను దానిని హైస్కూలులో ఎట్లు నేర్పవలెనను వివాదము నూఱేండ్లకు పైగా నడచినది.

మొదట అచ్చటి భాషాబోధనకు ఆధారములు చిన్న తరగతుల పుస్తకములే. 1783లో నోవా వెబ్‌స్టరు ప్రకటించిన వర్ణక్రమ పుస్తకమును, 1836 మొదలుకొని విలియం మెక్‌గఫీ కూర్చిన వాచకములును తరతరముల పిల్లలు చదివిరి. కూడబలుకుట, గొంతెత్తి చదువుట, నీతిపాఠములు వల్లించుట వాని ఫలము. పెద్ద తరగతులలో వ్యాకరణము, అలంకారశాస్త్రము, వాచికాభ్యాసము, రచన వేర్వేరు విద్యలుగా సాగుచుండెను. వీనినన్నిటిని కలిపి ఇంగ్లీషను నొక విషయముగా చూచు దృష్టి చాలకాలము కలుగలేదు.

ఈ చెదరినవానిని ఒకచోట చేర్చినది పాఠశాల కాదు, కాలేజీ ప్రవేశ పరీక్ష. ప్రవేశము కోరు విద్యార్థి ఒక చిన్న వ్యాసము వ్రాయవలెనని హార్వర్డు కాలేజీవారు విధించి, వ్యాసవిషయము కొన్ని నియమిత గ్రంథములనుండి యిత్తుమని ముందుగా ప్రకటించిరి. 1874 నాటి పట్టికలో షేక్‌స్పియరు 'టెంపెస్టు', 'జూలియస్ సీజరు', 'మర్చెంట్ ఆఫ్ వెనిస్' నాటకములును, గోల్డ్‌స్మిత్తు 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు', స్కాటు 'ఐవన్‌హో' మొదలగునవియు నుండెను. పరీక్షకులు చూడగోరినది రచనాశక్తి. గ్రంథములు వ్రాయుటకు విషయము నిచ్చుటకే. కాని పరీక్షకు సాధనముగా ఏర్పడిన పట్టిక పాఠశాలలలో పాఠ్యక్రమమై కూర్చుండెను. ఇతర కాలేజీలును తమ తమ పట్టికలు వెలువరింపగా, ఒకే తరగతిలోని పిల్లలను పలువిధములుగా సిద్ధపఱచవలసిన చిక్కు ఉపాధ్యాయులకు సంభవించెను. 1894లో కాలేజీల ప్రతినిధులు కూడి ఏకరీతి పట్టికకై ఏర్పాటు చేసిరి.

పట్టిక వెంట సరకు వచ్చినది. ప్రకాశకులు నియమిత గ్రంథములను చిన్న సంపుటములుగా అచ్చొత్తి, కఠినపదములకు అర్థములు, కవిజీవితము, ప్రశ్నలు చేర్చి చౌకగా విక్రయింపసాగిరి. దీనివలన మేలు కలుగలేదనుట న్యాయము కాదు. వాచకములలోని తునుకలకు మాఱుగా పూర్తి గ్రంథములు పిల్లల చేతికి వచ్చినవి. హార్వర్డు అధ్యక్షుడైన చార్లెస్ ఎలియటు నాయకత్వమున 1892లో ఏర్పడిన 'పదుగురి సంఘము' ఇంగ్లీషునకు లాటినుతో సమానమైన గౌరవ మొసగెను. అయినను అర్థములు వ్రాసిన పుస్తకము చేతనుండగా, అర్థము వెదకికొను శ్రమ తప్పెను. పరీక్షలో అడుగునది యేదియో అదియే సాహిత్య మనిపించెను.

ఉపాధ్యాయులు ఊరకుండలేదు. హైస్కూలు పిల్లలలో అధికసంఖ్యాకులు కాలేజీ గడప త్రొక్కనివారు. కొందఱి కొఱకు వ్రాసిన పట్టిక అందఱిపై రుద్దుటకు కారణమేమి? ఈ ప్రశ్నతో 1911 డిసెంబరులో చికాగో నగరమున కొందఱు కూడి ఇంగ్లీషు ఉపాధ్యాయుల జాతీయ మండలిని స్థాపించిరి. మిషిగను విశ్వవిద్యాలయమునకు చెందిన ఫ్రెడ్ న్యూటను స్కాటు దాని తొలి యధ్యక్షుడు. జేమ్స్ హోసికు కార్యదర్శి. మఱుసటి నెలలో, అనగా 1912 జనవరిలో, 'ఇంగ్లీషు జర్నల్' అను పత్రిక వెలువడెను. దాని మొదటి సంచికలో మొదటి వ్యాసము ఎడ్విన్ హాప్కిన్సుది. ఉన్న పరిస్థితులలో రచనను చక్కగా బోధింప సాధ్యమా యని ఆయన ప్రశ్నించి, సాధ్యము కాదని తొలిమాటలోనే బదులు చెప్పెను. ఆయన మొఱ పుస్తకముల కొఱతను గూర్చినది కాదు. ఒక్కొక్క ఉపాధ్యాయునికి అప్పగించిన పిల్లల సంఖ్యను గూర్చినది.

ఆ మొఱ చాలకాలము అరణ్యరోదనమే యయ్యెను. 1917లో హోసికు కూర్చిన నివేదికను ప్రభుత్వ విద్యాశాఖవారు ప్రకటించిరి. హైస్కూలు ఇంగ్లీషు కాలేజీకి మెట్టుగా మాత్రమే గాక జీవితమునకు ఉపకరించునట్లు ఉండవలెనని అందు కలదు. పట్టికల పట్టు క్రమముగా సడలెను. అలవాటు మాత్రము పోలేదు. 1989లో ఆర్థర్ ఆపిల్‌బీ ప్రకటించిన పరిశీలనలో, హైస్కూళ్లలో మిక్కిలిగా చెప్పబడు పది గ్రంథములలో 'జూలియస్ సీజరు' ఇంకను నిలిచియుండెను.

1959లో ప్రకటితమైన తన విద్యానివేదికలో జేమ్స్ కోనంటు, విద్యార్థి వారమునకు సగటున ఒక వ్యాసము వ్రాయవలెననియు, ఒక ఇంగ్లీషు ఉపాధ్యాయునికి నూర్గురికి మించి పిల్లలు ఉండరాదనియు సూచించెను. ఈ కోనంటు వెనుక హార్వర్డునకు అధ్యక్షుడుగా నుండినవాడే. పట్టికకు పుట్టినిల్లయిన చోటి పెద్దయే తుదకు పిల్లల సంఖ్యను లెక్కింపవలసివచ్చెను. ఆ లెక్కను మనమును వేసి చూతము. ఒక్క వ్యాసమునకు పది నిమిషములు చొప్పున నూఱు వ్యాసములకు వేయి నిమిషములు, అనగా ఇంచుమించు పదునేడు గంటలు. పగలంతయు పాఠము చెప్పినవానికి వారమునకు మఱి పదునేడు గంటలు ఎక్కడనుండి వచ్చును? నూర్గురికే యింత యైన, నూటయేబదిమంది యున్నచోట దిద్దుటయను మాటకు అర్థమే లేదు.

పరీక్ష బడిని ఏలుట ఒక్క అమెరికాలోని ముచ్చట కాదు. పరీక్షలో తెలుగువ్యాసము ఏ భాషలో నుండవలెనను వాదము మద్రాసు విశ్వవిద్యాలయములో జరుగగా, గురజాడ అప్పారావు 1914లో తన యసమ్మతిపత్రమును సమర్పించెను. పరీక్షకుడు దేనికి మార్కులిచ్చునో దానినే బడి నేర్పును గావున, ఆ వివాదము పండితుల గదులలో అడగక ఇంటింటి బిడ్డల కలమువఱకు వచ్చెను.

నేడు పాఠములు, ప్రశ్నలు, వివరణలు అంతర్జాలమున కోరినంత దొరకుచున్నవి. వెబ్‌స్టరు నాటి కుటుంబము ఒక్క పుస్తకముతో తృప్తిపడెను. మనకు లెక్కలేనన్ని కలవు. అయినను బిడ్డ వ్రాసిన వాక్యమును చదివి, ఇచ్చట నీ భావము తెలియలేదు, మఱల వ్రాయుమని చెప్పు మనిషి లేనిచో ఆ సంపద యంతయు అలమరలోని యలంకారమే. పాఠశాల సభలలో తల్లిదండ్రులు పుస్తకముల పేర్లతోపాటు ఈ సంఖ్యయు అడుగవలెనని మేము కోరుచున్నాము: ఒక్కొక్క భాషోపాధ్యాయునికి ఎందఱు పిల్లలు? ఆ సంఖ్య తగ్గించుటకు వెచ్చించు ప్రతి రూపాయియు బిడ్డ వ్రాతలో కనబడును.