నాలుగేసి చొప్పున మూడు వేల అట్టముక్కలు

డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివినవాళ్ళకి పాఠ్యపుస్తకం చివరి పేజీల్లోని టి-పట్టిక గుర్తుండే ఉంటుంది. ఎడమ పక్క నిలువుగా డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, పైన అడ్డంగా 0.05, 0.01 లాంటి స్థాయిలు, మధ్యలో బారులు తీరిన అంకెలు. 0.05 కింద చూస్తే 3కి ఎదురుగా 3.182 ఉంటుంది, 9కి ఎదురుగా 2.262. కిందికి దిగేకొద్దీ తగ్గుతూ వచ్చి, చివరికి 1.96 దగ్గర నిలబడుతుంది. మొదట్లో అంత పెద్ద అంకెలు ఎందుకున్నాయి, పోనుపోను ఎందుకు తగ్గాయి అన్నది చెప్పడానికి తరగతిలో తీరిక చిక్కదు. సూత్రం రాయిస్తారు, లెక్క చేయిస్తారు, పరీక్ష అయిపోతుంది. శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్ అన్న మాట మాత్రం అర్థం కాకుండానే మిగిలిపోతుంది. ఆ పట్టిక ఎలా పుట్టిందో ముందు చెప్పి, సూత్రం తర్వాత చెబితే పిల్లలకి ఈ కష్టం ఉండదని నా గట్టి నమ్మకం.

ఆ పట్టిక పుట్టింది ఒక బీరు కార్ఖానా అవసరంలోంచి. ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో ఉన్న గిన్నిస్ అప్పటికే ప్రపంచంలోని అతిపెద్ద బీరు కార్ఖానాల్లో ఒకటి. బార్లీ, హాప్స్, మాల్ట్, ఈస్ట్ ఏవీ ఏడాదంతా ఒకే తీరుగా రావు. నేల మారితే, వాన మారితే సరుకు మారుతుంది, బీరు రుచి మాత్రం మారకూడదు. అందుకని కంపెనీ ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల నుంచి సైన్సు చదివిన కుర్రాళ్ళని తెచ్చి ఉద్యోగాల్లో పెట్టుకునేది. 1899లో అలా చేరినవాడే విలియం సీలీ గాసెట్. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం, రసాయనశాస్త్రం చదివాడు. వయసు 23.

తోటి ఉద్యోగులకి లెక్కలంటే బెరుకు కావడంతో ప్రయోగాల అంకెలన్నీ క్రమంగా గాసెట్ బల్ల మీదికి చేరాయి. ఆ అంకెలతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే, అవి మరీ కొద్దిగా ఉండేవి. ఒక కొత్త బార్లీ రకాన్ని నాలుగు చోట్ల వేసి చూడాలంటే ఒక సాగుకాలం గడవాలి, డబ్బు పోయాలి. నలభై చోట్ల వేయడం అయ్యే పని కాదు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటాం. గిన్నెలో అన్ని మెతుకులకీ ఒకే నీళ్ళు, ఒకే మంట కాబట్టి ఆ మాట చెల్లుతుంది. బార్లీ మడికి అది చెల్లదు. ఈ చెక్కలో పండిన గింజకీ పక్క చెక్కలో పండిన గింజకీ తేడా ఉంటుంది. మరి నాలుగు చెక్కల సగటు చూసి ఈ రకం మంచిదని చెబితే, ఆ మాటని ఎంతవరకు నమ్మొచ్చు?

పెద్ద నమూనాల సంగతి అప్పటికి తేలిపోయింది. 18వ శతాబ్దంలో ద మోయివర్, 19వ శతాబ్దం మొదట్లో లాప్లాస్ దారి వేశారు. ఒకే రాశి నుంచి నమూనాలు మళ్ళీ మళ్ళీ తీస్తే ప్రతిసారీ సగటు కాస్త మారుతుంది. ఆ సగటులన్నీ అసలు సగటు చుట్టూ గంట ఆకారంలో పేరుకుంటాయి. నమూనాలో ఎన్ని అంశాలుంటే, ఆ సంఖ్య వర్గమూలంతో ప్రామాణిక విచలనాన్ని భాగిస్తే, సగటులు ఎంత వెడల్పుగా చెదురుతాయో వస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ అసలు రాశి ప్రామాణిక విచలనం ఎవరికీ తెలియదు. అందరూ చేసే పని, నమూనాలోంచే దాన్ని అంచనా కట్టి ఆ స్థానంలో పెట్టేయడం. వందలకొద్దీ కొలతలుంటే దానివల్ల ఇబ్బంది లేదు. నాలుగే ఉంటే?

1904లో గాసెట్ కంపెనీ కోసం ఒక అంతర్గత నివేదిక రాశాడు. పొరపాట్ల నియమాన్ని బీరు తయారీకి ఎలా వాడుకోవచ్చన్నది దాని విషయం. తమకి ఎదురవుతున్న చిక్కుల గురించి ఎవరైనా గణితవేత్తని సంప్రదిస్తే మంచిదని అందులో సలహా ఇచ్చాడు. మరుసటి ఏడాది జులైలో కార్ల్ పియర్సన్ సెలవులు గడుపుతున్న పల్లెటూరికి సైకిల్ మీద వెళ్ళి స్వయంగా కలిశాడు. ఆ కాలంలో స్టాటిస్టిక్స్ అంటే పియర్సనే. ఆయన దగ్గర నేర్చుకోమని కంపెనీ 1906లో గాసెట్‌ని లండన్ పంపింది. అక్కడుండగానే గాసెట్ మొదటి వ్యాసం 1907లో వచ్చింది. సూక్ష్మదర్శిని కింద గళ్ళలో ఈస్ట్ కణాలు లెక్కపెట్టేటప్పుడు ఎంత పొరపాటు వస్తుందన్నది అందులో తేల్చాడు.

పియర్సన్ ప్రయోగశాలలో మాత్రం అంతా వేలల్లో వ్యవహారం. వేలమంది ఎత్తులు, వేల పుర్రెల కొలతలు. నాలుగు కొలతలతో లోకం గురించి మాట్లాడబోవడం ఆయనకి పెద్దగా పట్టిన సమస్య కాదు. అయినా గాసెట్‌కి కావలసిన గణితం నేర్పాడు, చోటిచ్చాడు, తన పత్రికలో వ్యాసం అచ్చువేశాడు. ఆ మేలు చెప్పుకోదగ్గదే.

ఇక అసలు ఘట్టం. లెక్కగట్టి జవాబు రాబట్టక ముందే చేత్తో చేసి చూడబోయానని గాసెట్ తన 1908 వ్యాసంలోనే రాశాడు. దీనికి 3,000 మంది నేరస్థుల ఎత్తులు, ఎడమచేతి మధ్యవేలి పొడవులు వాడుకున్నాడు. మనుషుల్ని ఒంటి కొలతలతో గుర్తుపట్టే పద్ధతి పోలీసుల్లో ఉన్న రోజులవి. మాక్‌డొనెల్ అనే ఆయన ఆ కొలతలన్నీ అప్పటికే పట్టికగా ప్రచురించాడు. గాసెట్ ఆ 3,000 జతల అంకెల్నీ 3,000 అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, ఒక్కొక్కటిగా తీసి వరసలో రాసుకున్నాడు. ఆ వరసలో ప్రతి నాలుగూ ఒక నమూనా. మొత్తం 750 నమూనాలు. ప్రతి దానికీ సగటు, ప్రామాణిక విచలనం కట్టాడు. కంప్యూటర్ మాట అటుంచి, ఇదంతా చేతిలెక్క.

ఆ అంకెల్లో ఏముందో నిదానంగా చూడాలి. మామూలుగా పరిశోధకుడి చేతిలో ఉండేది ఒక్క నమూనా, ఒక్క సగటు. వచ్చే వీలుండి రాని మిగతా సగటులు కంటికి కనబడవు. శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్ అంటే కనబడని ఆ సగటుల గుంపే. గాసెట్ దాన్ని కాగితం మీద కనబడేలా చేశాడు. పైగా 3,000 మంది వివరాలూ ముందే ఉన్నాయి కాబట్టి అసలు సగటు ఎంతో తెలుసు. ప్రతి నమూనా ఎంత తప్పిందో అంగుళాల్లో కొలవొచ్చు. ఆ తప్పుని అదే నమూనా ప్రామాణిక విచలనంతో భాగించి, వచ్చిన 750 అంకెల్ని గ్రాఫుగా గీస్తే గంట ఆకారమే వస్తుంది గానీ, అంచులు లావుగా ఉంటాయి. దూరపు విలువలు అనుకున్నదానికన్నా ఎక్కువగా వస్తాయి.

కారణం భాగహారం కింద ఉంది. నాలుగు ముక్కలు తీసినప్పుడు నాలుగూ దగ్గరదగ్గర ఎత్తులే కావచ్చు. అప్పుడు ప్రామాణిక విచలనం చిన్నదిగా తేలి, ఆ రాశిలో తేడాలే లేవన్న భ్రమ కలిగిస్తుంది. నాలుగేసి చొప్పున తీస్తే నూటికి సుమారు 14 సార్లు నమూనా విచలనం అసలు విచలనంలో సగం కన్నా తక్కువ వస్తుంది. ముప్ఫై తీస్తే అలా జరగడం దాదాపు అసాధ్యం. భాజకం చిన్నదైతే భాగఫలం పెరిగి విలువ అంచులకి పోతుంది. ఇది తెలియక నాలుగు కొలతలకి కూడా 1.96నే హద్దుగా పెట్టుకుంటే, 20లో ఒకసారే పొరబడతామనుకుంటూ నిజానికి 7లో ఒకసారి పొరబడుతుంటాం. హద్దుని 3.182కి జరిపితేనే 20లో ఒకటి అన్న మాట నిలుస్తుంది. పట్టికలో పై అంకెలు అంత పెద్దవిగా ఉండటం వెనక ఉన్నదిదే.

ఆ వక్రరేఖకి సమీకరణాన్ని గాసెట్ సగం గణితంతో, సగం ఊహతో రాబట్టాడు. నమూనా విచలన వర్గం ఏ తీరున పంపిణీ అవుతుందో పూర్తిగా నిరూపించలేకపోయాడు. దాని ఘాతాల సగటులు పియర్సన్ వక్రరేఖల్లో ఒకదానికి సరిపోతున్నాయని చూసి, అదే అయి ఉంటుందనుకున్నాడు. ఆ ఊహకి సాక్ష్యం అట్టముక్కలే. నమూనాల్లో వచ్చిన పంపిణీ, సమీకరణం చెప్పిన పంపిణీ చక్కగా కలిశాయి. వ్యాసం 1908 మార్చి 'బయోమెట్రికా'లో అచ్చయింది. కార్ఖానా గుట్టు బయటపడకూడదని కంపెనీ ఉద్యోగుల్ని సొంత పేరుతో రాయనిచ్చేది కాదు కాబట్టి, రచయిత పేరు 'స్టూడెంట్' అని పడింది. నిద్రమందుల ఉదాహరణ ఒకటి అందులో ఉంది. పదిమంది రోగుల్లో ఒక మందు సగటున 0.75 గంటల అదనపు నిద్ర ఇస్తే, రెండోది 2.33 గంటలు ఇచ్చింది. రెండోదే మేలని 666కి 1 చొప్పున పందెం కాయొచ్చని గాసెట్ లెక్క తేల్చాడు. పదిమందితోనే అంత గట్టిగా మాట్లాడే వీలు అంతకుముందు ఎవరికీ లేదు.

లోకం వెంటనే పట్టించుకోలేదు. 1912లో కేంబ్రిడ్జి కుర్రాడు రొనాల్డ్ ఫిషర్ ఒక ఉత్తరంతో గాసెట్ ఊహకి పూర్తి నిరూపణ పంపాడు. నమూనాని బహుమితీయ స్థలంలో ఒక బిందువుగా చూసే జ్యామితి అది. గాసెట్‌కి అంతుపట్టక పియర్సన్‌కి పంపాడు. అక్కడా దానికి ఆదరణ దొరకలేదు. పట్టుబట్టి ఈ పట్టికకి ఊరూరా పేరు తెచ్చింది మాత్రం ఫిషరే. నాలుగు కొలతలుంటే పట్టికలో 3 ఎదుట చూడాలన్న లెక్క, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అన్న ఆలోచన, ఆయన ఇచ్చినవే. 1925లో వచ్చిన ఆయన పుస్తకంతో ఈ పరీక్ష పొలాల్లో పనిచేసే శాస్త్రవేత్తల చేతికి అందింది.

గాసెట్ చివరిదాకా గిన్నిస్ ఉద్యోగిగానే ఉన్నాడు. 1935లో లండన్‌లో కంపెనీ కొత్త కార్ఖానా బాధ్యత తీసుకుని, 1937 అక్టోబరులో కన్నుమూశాడు. అంతకుముందు, 1926లో, కార్ల్ పియర్సన్ కొడుకు ఎగన్ పియర్సన్‌కి ఒక ఉత్తరం రాశాడు. ఒక ఊహ కింద వచ్చిన ఫలితం అరుదైనదైనంత మాత్రాన ఆ ఊహని వదులుకోనక్కర్లేదని, ఆ ఫలితాన్ని మరింత సులువుగా వివరించే ఇంకో ఊహ ఉన్నప్పుడే వదులుకోవాలని అందులో అన్నాడు. ఎగన్ ఆ ముక్క పట్టుకుని యెర్జీ నేమన్‌తో కలిసి పనిచేశాడు. వాళ్ళిద్దరూ 1928 నుంచి ప్రచురించిన వ్యాసాల్లోంచే నేటి పాఠ్యపుస్తకాల ప్రత్యామ్నాయ పరికల్పన వచ్చింది.