ఎడమచేతి కలం, బందరు సియాహీ

మొన్న సెలవులకు మా చెల్లెలి కూతురు గుడివాడ నుంచి వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల. తెలుగు కాపీ పుస్తకం నా ముందు పెట్టి, "మామూ, నేను కుడి చేత్తో రాయడం నేర్చుకోనా?" అంది. అక్షరాలు గుండ్రంగా ముచ్చటగా ఉన్నాయి. వాటి మీదుగా చెయ్యి పోయిన దారంతా నీలం మరక. నీట్‌నెస్‌కి రెండు మార్కులు కోసేశారట.

నేనూ ఎడమచేతి వాణ్ణే. అందుకే జవాబు వెంటనే చెప్పలేకపోయాను.

నా చిన్నప్పుడు బందరులో పొద్దున్నే మక్తబ్, తర్వాత తెలుగు బడి. మక్తబ్‌లో ఉస్తాద్ నా చేతిలోంచి కలం లాగి కుడి చేతిలో పెట్టేవారు. ఎడం చేత్తో రాస్తే ఖయామత్ రోజున ఆమాల్‌నామా కూడా ఎడం చేతికే ఇస్తారని భయపెట్టేవారు. కుడి చేత్తో తినడం సున్నత్, అది వేరే సంగతి, ఇప్పటికీ అలాగే తింటాను. కానీ రాతకి ఆ హుకుం ఎక్కడుందో ఆయన ఒక్కసారీ చూపించలేదు. రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు నాకు.

అసలు తమాషా ఏమిటంటే ఉర్దూ రాసేటప్పుడు మరకలు పడేది ఆయన చేతికే! ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. కుడిచేతి వాడి అరచెయ్యి తడి సియాహీ మీదుగా పోతుంది. ఎడమచేతి వాడి చెయ్యి మాత్రం ఇంకా రాయని ఖాళీ కాగితం మీద ముందు నడుస్తుంది. మక్తబ్ అయ్యేసరికి నా చెయ్యి సాఫ్‌గా ఉండేది. తెలుగు బడికి వెళ్లాక లెక్క తారుమారు. అక్కడ ఎడమ నుంచి కుడికి రాయాలి, నా అరచెయ్యే అక్షరాల్ని తుడిచేది. పైగా పాళీని లాక్కుంటూ పోవడానికి బదులు ముందుకు తొయ్యాలి, కాగితం గీసుకుపోయేది. పంతులుగారు సుద్దముక్కతో సిరా అద్దమనేవారు. ఒకే చెయ్యి, పది గంటలకు ముందు మంచిది, తర్వాత చెడ్డది.

మన తాతముత్తాతల కాలంలో తెలుగుకి ఈ ఫికర్ లేదు. తాటాకు మీద ఘంటంతో గీసేవారు. గీసేటప్పుడు సిరా ఉండదు. రాత అయ్యాక మసి పులిమి తుడిస్తే గాట్లలో నలుపు నిలబడేది. ఏ చేత్తో గీసినా చెరిగేది ఏదీ లేదు. కాగితం, కలం వచ్చాకే తడి సిరా బాధ వచ్చింది.

కలం అన్న మాట మనకు అరబీ 'ఖలం' నుంచి వచ్చింది. దస్తావేజు, దస్తఖత్తు ఫార్సీవి. ఆ రెండిట్లోనూ 'దస్త్' అంటే చెయ్యి. ఏ చెయ్యో ఆ మాట చెప్పదు.

మరక పడకుండా చేసే హున్నర్ మన బందరు పక్కనే ఉంది. పెడన వెళ్లి కలంకారీ పని చూడండి. గోల్కొండ సుల్తానుల కాలంలో ఈ అద్దకం బట్ట బందరు రేవు నుంచి ఇరాన్‌కీ, యూరప్‌కీ పోయేది. ఇంగ్లీషు వాళ్లు 1611లో ఇక్కడ దిగిందీ ఈ బట్టల కోసమే. పేరులో కలం ఉన్నా ఇప్పుడు ఇక్కడ పనంతా చెక్క అచ్చులతోనే. కలంతో వేసే పని శ్రీకాళహస్తిలో చూడాలి. వెదురు పుల్లకి చుట్టిన ఉన్ని రంగు పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కితే మొనకు దిగుతుంది. ఫౌంటెన్ పెన్ను పుట్టకముందు ఫౌంటెన్ పెన్ను అన్నమాట.

ముందుగా బట్టని కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగుని పక్కకు పాకనివ్వదు. నలుపు కోసం తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్లలో రోజుల తరబడి నానబెడతారు. ఆ ఇనుము నీళ్లు కరక్కాయ వగరుతో కలిసి బట్టలోనే నల్లబడతాయి. పాత రిజిస్టర్లు రాసిన ఇనుప సిరాదీ ఇదే కెమిస్ట్రీ. అక్కడ కరక్కాయ బదులు మాచికాయ. రంగు పాకుతుంటే కారీగరు చేతిని కొట్టలేదు, బట్టని బాగుచేశాడు.

సిరా విలువ మా ఖాందాన్‌కి బాగా తెలిసింది 1977 నవంబర్ 19న. దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. సర్కారీ లెక్కల్లోనే పది వేల మంది దాకా పోయారు. నాగాయలంక వైపు ఉన్న మా పెద్ద మామూ ఇల్లు కూలింది. ప్రాణాలు దక్కాయి, అల్‌హందులిల్లాహ్. బురదలోంచి తీసిన పెట్టెలో నీలం సిరాతో రాసిన ఖత్‌లన్నీ తెల్లకాగితాలైపోయాయి. అమ్మీ పెళ్లప్పుడు నానా రాసిన ఉత్తరం కూడా అందులోనే పోయింది. పాత నల్ల సిరాతో రాసిన నికాహ్‌నామా మాత్రం చదవడానికి వచ్చింది, బాల్‌పెన్ను రాతలూ నిలిచాయి. ఉతికితే పోయే సిరా పిల్లల యూనిఫారానికి మంచిది, జ్ఞాపకానికి కాదు.

పెన్నుల సంగతికి వస్తాను. రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం గారు స్వదేశీ ఉద్యమం రోజుల్లో, 1932 ప్రాంతంలో, రత్నం పెన్నులు మొదలుపెట్టారు. గాంధీగారు వాటిని మెచ్చుకుంటూ 1935లో ఉత్తరం రాశారు. మా అబ్బా దగ్గర అలాంటి రాజమండ్రి పెన్నే ఒకటుండేది. దాని పాళీ ఆయన కుడిచేతి వాలుకి అరిగిపోయి, నేను పట్టుకుంటే కీచుమనేది. వేరేవాళ్లు వాడిన పెన్ను ఎడమచేతి పిల్లకి ఇవ్వకండి, ఎంత ఇజ్జత్ ఉన్న పెన్నైనా సరే.

పాళీ సన్నగా, మొన గుండ్రంగా ఉండాలి. సన్న పాళీ తక్కువ సిరా వదులుతుంది, తొందరగా ఆరుతుంది. పార్కర్ వాళ్లు 1931లో క్వింక్ తెచ్చింది ఈ ఆరుదల కోసమే. నున్నగా మెరిసే కాగితం మన దుష్మన్, దాని మీద సిరా పైనే తేలుతుంది. జెల్ పెన్ను చూడ్డానికి ఖూబ్‌సూరత్, మరకల్లో మాత్రం అన్నిటికన్నా అన్యాయం. మామూలు బాల్‌పెన్నులో సిరా నూనె ముద్ద, చేతికి తక్కువ అంటుతుంది. నేను నలభై ఏళ్లు దానితోనే నెట్టుకొచ్చాను.

అన్నిటికంటే పనిచేసింది కాగితం తిప్పడం. పుస్తకం పైఅంచుని కుడివైపుకి వంచి పెట్టుకుంటే చెయ్యి గీత కిందికి దిగుతుంది, తడి అక్షరాల్ని తాకదు. చెయ్యి కొడవలిలా వంచి పైనుంచి రాసే ఆదత్ పడితే మణికట్టు నొప్పి, నాకు ఇప్పటికీ ఉంది. పిల్లకి ఆ ఆదత్ ఇంకా రాలేదు. అప్పుడు చెప్పాను, "వద్దు బేటా, చెయ్యి మార్చకు, పుస్తకం తిప్పు" అని. సన్న మొన బాల్‌పెన్నులు రెండు కొనిచ్చాను.

నిన్న ఫోన్ చేసింది. పుస్తకం తిప్పుకోవడానికి టీచర్ ఒప్పుకున్నారట, మరకలు తగ్గాయట. కానీ పక్కన కూర్చున్న పిల్లకి మోచెయ్యి తగిలి రోజూ తగువట. బెంచీకి ఎడమ చివర కూర్చోమన్నాను.