ఫోర్క్‌కు తగిలించిన ‘ప్రమాదం’ బోర్డు

డిసెంబరు 10 తొలి ప్రోగ్రామర్‌గా చెప్పుకునే అడా లవ్‌లేస్ పుట్టినరోజు. మన బోధన్ ప్రాంతంలో చెరకు నరికే కాలం కూడా అప్పుడే. నరికిన చెరకు ఒక్కరోజు ఎండలో పడి ఉన్నా బరువూ తీపీ రెండూ తగ్గుతాయి. రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ సంగతీ అంతే: తొందరపడటం కాదు, గడువు దాటకపోవడం ముఖ్యం.

గడువులు మనకు కొత్త కాదు. 1931లో నిజాంసాగర్ జలాశయం, ఆ దశకం చివర్లో శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ, షిఫ్టుల బతుకు.

ప్రోగ్రాముల లోకంలో నాకిష్టమైన కథ అమెరికాది. 1970లలో అక్కడి రక్షణ శాఖ లెక్క తీస్తే తమ ప్రాజెక్టుల్లో 450కి పైగా ప్రోగ్రామింగ్ భాషలు తేలాయట! ఒకే భాష కావాలని కోరికల చిట్టా రాసుకున్నారు. దాని పేరు ‘గడ్డి మనిషి’. దిద్దిన కొద్దీ అది కొయ్య మనిషి, తగరపు మనిషి, ఇనుప మనిషి అయి, 1978లో ఉక్కు మనిషి దగ్గర ఆగింది. పోటీపడ్డ నాలుగు బృందాలకు పేర్ల బదులు రంగులు ఇచ్చారు. 1979లో జాన్ ఇష్‌బియా బృందం ‘ఆకుపచ్చ’ గెలిచింది. ఆ భాషే అడా. 1980 డిసెంబరు 10న సైనిక ప్రమాణమైంది. దానికి ఇచ్చిన సంఖ్య 1815, అడా పుట్టిన ఏడు. గుమాస్తాల్లోనూ రసికులుంటారు. మన తేజస్ విమాన నియంత్రణ సాఫ్ట్‌వేర్ కూడా ఈ భాషలోనే రాశారు.

ఇక 1988లో పోసిక్స్ వచ్చింది. ఏ ఆపరేటింగ్ సిస్టమైనా ప్రోగ్రాముకు ఏయే సేవలు అందించాలో చెప్పే ప్రమాణం. కాకపోతే అంతా సీ భాషలో రాసి ఉంది. దాన్ని అడావాళ్లు వాడుకోవాలంటే బైండింగ్, అంటే ఆ సేవలను అడాలోంచి పిలిచే ఏర్పాటు, కావాలి. సీ పిలుపులను ఉన్నదున్నట్టు దించేస్తే సరిపోయేదే, కానీ 1992లో వచ్చిన అడా బైండింగ్ ప్రమాణం 1003.5 ఆ దారి పట్టలేదు. తప్పు జరిగితే సీ మైనస్ ఒకటి ఇచ్చి ఊరుకుంటుంది, చూసుకుంటే చూసుకున్నట్టు. అడా బైండింగ్ ఎక్సెప్షన్ లేవదీస్తుంది, వినిపించుకోక తప్పదు. అసలు చిక్కు ఫోర్క్‌తో. అది నడుస్తున్న ప్రాసెస్‌కు నకలు తీస్తుంది. అడా ప్రోగ్రాములో ఒకేసారి పది టాస్కులు నడుస్తుంటే నకలులో ఏవి బతకాలి? ఆ ప్రమాణం రాసిన కమిటీ ఫోర్క్‌ను తీసెయ్యలేదు. పేరులోనే ‘అన్‌సేఫ్’ అని ఉన్న ప్యాకేజీలో పెట్టి, పక్కనే స్టార్ట్ ప్రాసెస్ అనే క్షేమమైన దారి వేసింది. ఇంత మర్యాదగా హెచ్చరించిన ప్రమాణం ఇంకోటి నేను చూడలేదు.

ఆ తర్వాత కథ చెదిరిపోయింది. 1993లో పోసిక్స్‌కు రియల్ టైమ్ సేవలు చేరాయి. వాటి అడా రూపం 1996కి గానీ రాలేదు. మరుసటి ఏడే తమ ప్రాజెక్టులకు అడా తప్పనిసరి అన్న నిబంధనను అమెరికా రక్షణ శాఖ ఎత్తేసింది. ప్రమాణాన్ని ఏ భాషకూ చెందకుండా రాసి, ఒక్కో భాషకు వేరుగా బైండింగ్ ఇద్దామన్న ఆలోచన మూలపడింది. ఇవాళ పైథానైనా రస్టయినా ఎక్కువగా సీ గుమ్మంలోంచే లోపలికి వెళ్తున్నాయి. గెలిచింది సీ, బాగా ఆలోచించింది మాత్రం అడా అంటాను.

ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో ఈ బైండింగ్‌కు ‘ఫ్లోరిస్ట్’ అనే అమలు రూపం తయారైంది. దాని సోర్స్ కోడ్ ఉచితంగానే దొరుకుతుంది. ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఒకసారి తెరిచి చూడండి.