తుర్కుల సంగీత సంపద

టర్కీ పేరు వినగానే మన పెద్దలకు ఖిలాఫత్ ఉద్యమం గుర్తుకు వస్తుంది. ఇస్తాంబుల్ మస్జిదుల మీనార్లు గుర్తుకు వస్తాయి. కాని ఆ దేశపు సంగీతం గురించి మనలో తెలిసినవారు బహు తక్కువ. తెల్లని అంగరఖాలతో గుండ్రంగా తిరిగే దర్వేషుల ఫోటో ఏ పత్రికలోనో చూసి, తుర్కుల సంగీతమంటే ఇంతే కాబోలని అనుకుంటాం. నిజానికి అది ఒకే సంగీతం కాదు. దర్బారుది ఒకటి, ఖాన్‌ఖాది ఒకటి, సైన్యానిది ఒకటి, పల్లెటూరిది మరొకటి. ఇన్ని రకాలు ఎలా పుట్టాయి, ఎన్ని కష్టాలకోర్చి నిలిచాయి అన్నదే పాఠకులకు మేము మనవి చేయదలచిన విషయం.

ముందుగా దర్బారు సంగీతం. దీనికి ప్రాణం మకామ్. మన రాగం వంటిదే అనుకోవచ్చు. పాట ఏ స్వరం మీద మొదలవ్వాలి, ఎక్కడ నిలవాలి, ఎలా నడిచి ఎక్కడ ముగియాలి అన్నది మకామే నిర్ణయిస్తుంది. తాళాన్ని ఉసూల్ అంటారు. రెండు మాత్రల చిన్న తాళం మొదలుకొని 88 మాత్రల పెద్ద తాళం దాకా ఉన్నాయి. రెండు స్వరాల నడుమ ఉండే సన్నని తేడాలను కూడా వీరు లెక్కలోకి తీసుకుంటారు గనుక, ఈ మకాములు పియానో మెట్ల మీద సరిగా పలకవు. తంబూరు, ఊద్, ఖానూన్, రెల్లు గొట్టంతో చేసే నయ్ అనే పిల్లనగ్రోవి దీని ముఖ్య వాద్యాలు. మకామ్ దర్బారులోనే ఆగిపోలేదు, మస్జిదులోకీ వచ్చింది. ఇస్తాంబుల్‌లో ఫజర్ అజాన్‌ను సబా మకాములోను, మగ్రిబ్ అజాన్‌ను సెగాహ్ మకాములోను ఇవ్వడం ఆనవాయితీ.

ఈ విద్య నేర్చుకునే పద్ధతిని తుర్కులు మష్క్ అంటారు. ఆ మాట మనకూ కొత్తది కాదు. షాగిర్దు ఉస్తాదు ఎదుట కూర్చుని, మోకాళ్ల మీద చేతులతో తాళం వేస్తూ, పాటను ముక్క ముక్కగా విని కంఠస్థం చేయాలి. కాగితం లేదు, కలం లేదు. ఇందులో ఎంత గొప్పతనం ఉందో అంత ప్రమాదమూ ఉంది. ఉస్తాదు కన్నుమూసే లోగా నేర్చుకునేవాడు దొరక్కపోతే పాట ఆయనతోపాటే మట్టిలో కలిసిపోతుంది. 1712లో మరణించిన బుహూరీజాదా ముస్తఫా ఇత్రీ వెయ్యికి పైగా కృతులు కూర్చాడని చెబుతారు. నేడు మిగిలినవి సుమారు నలభై మాత్రమే. టర్కీలో ఈద్ నాడు వేలాది గొంతులు కలిసి పలికే తక్బీర్ బాణీ ఆయనదేనని ప్రతీతి. అంతటివాని సొత్తే ఇలా పోయిందంటే, మిగతావారి సంగతి వేరే చెప్పాలా?

పోగా మిగిలినదాన్ని కాపాడినవారెవరో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పోలండు నుండి బందీగా వచ్చి, ఇస్లాం స్వీకరించి, రాజప్రాసాదంలో గాయకుడైన అలీ ఉఫ్కీ 17వ శతాబ్దం నడుమ వందలాది పాటలను స్వరాలతో సహా వ్రాసిపెట్టాడు. ఇస్తాంబుల్‌లో ఏళ్ల తరబడి ఉండిపోయిన మొల్దావియా రాకుమారుడు కాంతెమీర్ 1700 ప్రాంతంలో అక్షరాలతో ఒక స్వరలిపి కల్పించి సుమారు 350 కృతులను గ్రంథస్థం చేశాడు. సుల్తాన్ మూడవ సలీం (పాలన 1789–1807) తానే గొప్ప స్వరకర్త. ఆయనకు తంబూరు నేర్పిన ఉస్తాదు ఇసాక్ అనే యూదు. హంపర్సూమ్ అనే అర్మేనియన్ క్రైస్తవుడు తయారుచేసిన స్వరలిపి తర్వాత శతాబ్దానికి పైగా వాడుకలో ఉంది. చూశారా, ముసల్మానులు, యూదులు, క్రైస్తవులు తలా ఒక చేయి వేస్తేనే ఈ సంపద నిలిచింది.

ఇక ఖాన్‌ఖా సంగీతం. మౌలానా జలాలుద్దీన్ రూమీ 1273లో కొన్యా నగరంలో పరమపదించారు. ఆయన పేరుతో వెలసిన మౌల్వీ తరీఖాలో నయ్ వాదనతో, కుదూమ్ అనే జంట డోళ్లతో సమా జరుగుతుంది. ఈ ఖాన్‌ఖాలు దైవస్మరణకే గాక సంగీత విద్యకూ పాఠశాలలుగా పనిచేశాయి. 1846లో హజ్‌కు వెళ్లి మక్కాలోనే మరణించిన సుప్రసిద్ధ స్వరకర్త దెదే ఎఫెందీ ఇస్తాంబుల్‌లోని ఇటువంటి ఖాన్‌ఖాలో తయారైనవాడే. బెక్తాషీలు, అలవీలు మాత్రం తమ భక్తిగీతాలను తీగవాద్యమైన సాజ్ మీద పాడుకుంటారు.

సైన్యం సంగీతం మెహ్తర్. పెద్ద పెద్ద డోళ్లు, నగారాలు, తాళాలు, సన్నాయికి దగ్గరి చుట్టమైన జుర్నా దాని వాద్యాలు. యుద్ధభూమిలో ఆ మోత విని ఐరోపా మొదట భయపడింది, పిమ్మట మోజుపడింది. మొజార్ట్, బీథోవెన్ వంటి మహామహులు ఆ ఫక్కీలో బాణీలు కట్టారు. 1826లో సుల్తాన్ రెండవ మహమూద్ పాత సైన్యాన్ని రద్దుచేయగా మెహ్తర్ కూడా మూతపడింది. 1828లో ఇటలీ నుండి గిసెప్పె దోనిజెత్తి వచ్చి ఐరోపా పద్ధతిలో బ్యాండు నేర్పాడు. అప్పటినుండి రాజప్రాసాదంలో పియానో, వయొలిన్ వంటి వాద్యాలకు చోటు పెరిగింది.

ఈ మార్పుకు సాక్షిగా నిలిచినవాడు చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్. ఆయన మంచి చిత్రకారుడు, సంగీతప్రియుడు. అంతఃపుర స్త్రీలు బీథోవెన్ సంగీతం వాయిస్తున్నట్లు 1915లో ఆయన వేసిన చిత్రం పేరెన్నికగన్నది. ఆయన కుమార్తె దుర్రుషహ్వారే 1931లో నిజాం కుమారుడు ఆజం జాను వివాహమాడి మన హైదరాబాదుకు కోడలిగా వచ్చారు.

పల్లెల సంగీతం దారి వేరు. ఏజియన్ తీరాన గంభీరంగా సాగే జైబెక్, నల్లసముద్రపు ఒడ్డున వడివడిగా నడిచే హోరోన్, తూర్పున డోలు జుర్నాలతో చేతులు పట్టుకుని ఆడే హలాయ్, ఇలా ప్రాంతానికొక తీరు. సాజ్ భుజాన వేసుకుని ఊరూరా పాడే కవిగాయకులను ఆషిక్‌లు అంటారు. సీవాస్ ప్రాంతపు ఆషిక్ వైసెల్ (1894–1973) ఏడవ ఏట మశూచి సోకి, చిన్నతనంలోనే చూపు పోగొట్టుకున్నాడు. తండ్రి కాలక్షేపానికని చేతికి సాజ్ ఇచ్చాడు. ఆ అంధుడే తర్వాత గ్రామ విద్యాలయాల్లో పిల్లలకు సాజ్ నేర్పాడు. 1965లో పార్లమెంటు ఆయనకు పింఛను మంజూరు చేసింది.

రిపబ్లిక్ ఏర్పడ్డాక ఈ సంపదకు గడ్డుకాలం వచ్చింది. 1925లో ఖాన్‌ఖాలను చట్టం చేసి మూయించారు. 1926లో ఇస్తాంబుల్ సంగీత పాఠశాలలో పాత సంగీతం బోధన ఆపివేశారు. 1934 నవంబరులో రేడియోలో దాని ప్రసారాన్నే నిషేధించారు. కొత్త దేశానికి కొత్త సంగీతం కావాలన్నది పాలకుల ఆలోచన. జానపద గీతాలను ఐరోపా పద్ధతిలో మలచాలని వారి కోరిక. 1936లో హంగరీ స్వరకర్త బార్తోక్ అనతోలియా వచ్చి పల్లెపాటలు సేకరించడం ఆ ప్రయత్నం వల్ల కలిగిన మేలే. కాని జనం ఊరుకున్నారా? రేడియో ముల్లు తిప్పి ఈజిప్టు పాటలు విన్నారు. సుమారు 20 నెలలకే నిషేధం తొలగిపోయింది. 1952లో మెహ్తర్ తిరిగి మోగింది. 1950ల నుండి కొన్యాలో డిసెంబరు నెలలో సమా జరుగుతోంది. దానిని 2005లో యునెస్కో మానవాళి వారసత్వంగా ప్రకటించింది. 1975లో ఇస్తాంబుల్‌లో టర్కీ సంగీతానికే ప్రత్యేకంగా ప్రభుత్వ సంగీత కళాశాల వెలసింది.

పాఠశాల మూతపడిన నాటినుండి కళాశాల తెరిచే నాటిదాకా దాదాపు 50 ఏళ్లు. ఆ మధ్యకాలంలో ఈ విద్యను బతికించింది ఎవరు? ఇళ్లల్లో కూర్చుని నలుగురైదుగురికి నేర్పిన ఉస్తాదులు, ఓపికతో కూర్చుని నేర్చుకున్న షాగిర్దులు. ప్రభుత్వ ఆజ్ఞ వల్ల పోయిన పాటలకన్నా, నేర్చుకునేవాడు లేక పోయిన పాటలే ఎక్కువని తుర్కుల చరిత్ర చెబుతోంది. మన ఇళ్లల్లోనూ పాత నాత్‌లు, పెళ్లిపాటలు తెలిసిన నానమ్మలు, తాతయ్యలు ఉన్నారు. వారి దగ్గర ఒక సాయంత్రం కూర్చుని ఒక్క పాటైనా నేర్చుకోవడం మన చేతిలోని పనే.