ఆపే తేదీ లేని చీటీ



గుడియాత్తం నుంచి కౌండిన్య నది వెంబడి పైకి వెళితే మోర్ధానా వస్తుంది. ఆనకట్ట దాటితే అడవి, అడవి దాటితే చిత్తూరు జిల్లా. మా వాళ్లకు ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, ఆస్పత్రి చీటీ మీద ఇంగ్లీషు. ఆ మూడో భాష దగ్గరే నేను చెప్పబోయే చిక్కు మొదలైంది.

కొన్నేళ్ల కిందట మోర్ధానాలో మా మేనత్త గట్టు మీద జారిపడితే తుంటి ఎముక విరిగింది. అప్పటికామెకు డెబ్బై నాలుగేళ్లు. ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు, బాగానే జరిగింది. మూడో రాత్రి ఆమెకు సంధి పుట్టింది. సెలైను గొట్టం లాగేసింది. ఎప్పుడో పోయిన మా నాన్నను కేకేసి పిలిచింది. నర్సమ్మను చూసి దొంగ అన్నది. డ్యూటీ డాక్టరుగారు హాలోపెరిడాల్ అనే మందు ఇచ్చారు. మూడు నాలుగు రోజులకు మనిషి తేరుకుంది. ఇంటికి పంపేటప్పుడు రాసిచ్చిన ఏడు మందుల్లో అదీ ఉంది. దేనికిచ్చారో, ఎన్నాళ్లు వాడాలో చీటీలో లేదు. ఆ చీటీ ఏమైందో చివర చెబుతాను. ముందు ఆ జాతి మందు మన ఊళ్లదాకా ఎలా వచ్చిందో చూద్దాం.

మతి చలించినవారికి మందు వెతకడం మన దేశానికి కొత్త కాదు. సర్పగంధి వేరును, పాతాళగంధి అని కూడా అంటారు, మన వైద్యులు తరతరాలుగా వాడారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు వైద్యులు అది ఉన్మాదానికీ రక్తపుపోటుకూ పనిచేస్తుందని వైద్య పత్రికలో రాశారు. 1952లో స్విట్జర్లాండులో సీబా కంపెనీవారు దానిలోంచి రిసర్పిన్ అనే సారాన్ని విడదీశారు. రెండేళ్లకు న్యూయార్కు రాష్ట్రంలో నేథన్ క్లైన్ దానిని మానసిక రోగులకిచ్చి ఫలితాలు ప్రకటించాడు. అయితే రక్తపుపోటు మరీ పడిపోవడం, మనసు కుంగిపోవడం వంటి ఇబ్బందులు కనిపించాయి. పైగా అప్పటికే ఇంకో మందు రంగంలోకి వచ్చేసింది.

అది క్లోర్‌ప్రోమజైన్. 1950 డిసెంబరులో ఫ్రాన్సులో పాల్ షార్పాంటియే అనే రసాయన శాస్త్రజ్ఞుడు తయారుచేశాడు. ఆపరేషన్ సమయంలో రోగి శరీరం తట్టుకోవడానికి పనికొస్తుందేమోనని దానిని వాడి చూసిన సర్జన్ ఆన్రీ లాబొరీ ఒక వింత గమనించాడు. రోగి మెలకువగానే ఉంటాడు, కానీ దేనికీ కలత పడడు. 1952లో పారిస్ నగరంలో జాన్ డిలే, పియర్ డెనికర్ అనే మానసిక వైద్యులు ఆ మందును తమ రోగులకిచ్చారు. కేకలతో, పెనుగులాటలతో నిండిన వార్డులు నెమ్మదించాయి. 1958లో బెల్జియంలో పాల్ జాన్‌సెన్ ప్రయోగశాలలో హాలోపెరిడాల్ పుట్టింది. మా అత్తకిచ్చింది ఇదే.

ఇక మన రాయవేలూరు సంగతి. క్రిస్టియన్ మెడికల్ కాలేజీవారు 1957లో బాగాయంలో మానసిక వైద్య కేంద్రం తెరిచారు. దాని వెనక ఉన్నావిడ కెనడా నుంచి వచ్చిన డాక్టర్ ఫ్లారెన్స్ నికల్స్. ఆ రోజుల్లో మద్రాసులో కీళ్పాక్కం అన్న ఊరిపేరే వెక్కిరింత. లోపలికి వెళ్లినవాళ్లు తిరిగిరారని జనం భయం. బాగాయంలో మాత్రం రోగితోపాటు ఇంటివాళ్లు కూడా వచ్చి ఉండాలన్నారు. తల్లో, భార్యో, అన్నో పక్కనే ఉండి వంట చేసుకుంటూ రోగిని కనిపెట్టుకుని ఉండేవారు. డబ్బూ మనుషులూ చాలని దేశంలో అదొక అవసరం కూడా కావచ్చు. కానీ దానివల్ల ఒక మేలు జరిగింది. ఏ మాత్ర ఎందుకో, దానివల్ల ఒళ్లు ఎలా మారుతుందో ఇంట్లో ఒకరికైనా తెలిసేది.

సరిగ్గా ఆ 1957లోనే జర్మనీలో ఒక వైద్యుడు ఈ కొత్త మందులు వాడినవారిలో నోరూ పెదవులూ వాటంతటవే కదలడం చూసి రాశాడు. బిగుసుకుపోవడం, చేయి వణకడం అంతకుముందే కనిపించాయి. అంటే మందు వచ్చిన అయిదారేళ్లకే దాని రెండో ముఖం వైద్యలోకానికి తెలుసు.

రాయవేలూరు పేరు ప్రపంచ వైద్య పత్రికల్లోకి ఎక్కిన సంగతి ఇంకొకటి ఉంది. ఒక మనిషి ఉద్రేకంతో, కొట్టబోతూ, తనకు తానే హాని చేసుకునేలా ఆస్పత్రికి వస్తాడు. నలుగురు పట్టుకుంటే తప్ప ఆగడు. అప్పుడు ఏ సూది వేయాలి? ఆ వేళ డాక్టరు చేతికందింది వేయడమే లోకమంతటా పద్ధతి. క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు అలా వచ్చిన 200 మందికి, చీటీ తీసినట్లు ఎవరికి ఏది పడితే అది, లోరాజెపామ్ గాని, హాలోపెరిడాల్‌కు ప్రోమెథజైన్ కలిపి గాని ఇచ్చి చూశారు. ఫలితాలు 2004లో బ్రిటిష్ పత్రికలో వచ్చాయి. నాలుగు గంటలకు రెండు వైపులా నూటికి 96 మంది నెమ్మదించడమో నిద్రపోవడమో జరిగింది. కానీ జంట మందు త్వరగా పనిచేసింది. ప్రోమెథజైన్‌కు మరో పని కూడా ఉంది. హాలోపెరిడాల్ ఒక్కటే వేస్తే మెడ, దవడ పట్టేసే ప్రమాదాన్ని అది అడ్డుకుంటుంది.

2007లో వాళ్లే మరో 300 మందితో కొత్తగా వచ్చిన ఖరీదైన ఓలాంజపిన్ సూదిని ఈ పాత జంటతో పోల్చారు. మొదట్లో రెండూ సమానంగానే పనిచేశాయి. నాలుగు గంటల్లో మళ్లీ మందు అవసరమైనవారు ఓలాంజపిన్ వైపు 65 మంది, పాత జంట వైపు 31 మంది. చవకైన పాత మందుకు మన జిల్లాలో దొరికిన ఈ గెలుపు చదివినప్పుడు నాకు గర్వంగానే అనిపించింది.

అయితే ఇవన్నీ నిమిషాలూ గంటల లెక్క. మందు ఎప్పుడు మొదలుపెట్టాలో తెలిసినంత బాగా ఎప్పుడు ఆపాలో లోకానికి తెలియలేదు. 2018లో అమెరికాలో, తీవ్ర చికిత్స వార్డుల్లో సంధి పుట్టిన 566 మంది మీద చేసిన పరీక్షలో, హాలోపెరిడాల్ వల్ల సంధి కాలం తగ్గలేదని తేలింది. చిత్తవైకల్యం వచ్చిన వృద్ధుల్లో ఈ జాతి కొత్త మందులు మరణ ప్రమాదాన్ని పెంచుతాయని అక్కడి ప్రభుత్వం 2005లోనే హెచ్చరించింది.

అలాగని ఇంట్లో ఎవరైనా స్కిజోఫ్రీనియాకు ఈ మందులు వాడుతుంటే రేపు పొద్దున ఆపేయకండి. ఇంగ్లండులో దీర్ఘకాల రోగులకు వైద్యుల పర్యవేక్షణలోనే మెల్లగా తగ్గించి చూశారు. 2023లో ప్రకటించిన ఆ లెక్క ప్రకారం, రెండేళ్లలో జబ్బు తిరగబెట్టి ఆస్పత్రిలో చేరినవారు తగ్గించినవైపు నూటికి 25, కొనసాగించినవైపు 13. ఆ జబ్బు వేరు, నాలుగు రోజుల సంధి వేరు. రెండింటికీ మాత్ర మాత్రం ఒకటే. చీటీ మీద కారణం రాయకపోతే మందుల షాపు అబ్బాయికి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

మా అత్తకు ఆ మాత్ర పద్నాలుగు నెలలు నడిచింది. నడక పొట్టి పొట్టి అడుగులైంది, ముఖంలో నవ్వు పోయింది, చెయ్యి వణికింది, రెండుసార్లు పడింది. వయసు అనుకున్నాం. ప్రతి నెలా గుడియాత్తం బజారులో ఆ మందులు కొన్నది ఎవరో కాదు, నేనే. రెండు భాషల్లో పాఠాలు చెప్పేవాణ్ణి, షాపులో చీటీ చాపడమే తప్ప అందులో ఏముందో ఒక్కసారి చదవలేదు. చివరికి జ్వరానికి చూపించబోతే వేరే డాక్టరుగారు చీటీ చూసి, "ఇది దేనికి వాడుతున్నారు?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. ఆయనే మోతాదు సగం, తరువాత పావు చేసి, కొన్ని వారాల్లో మానిపించారు.

నాలుగో నెలలో ఆమె తనంతట తానే వాకిట్లోకి వచ్చి అరుగు మీద కూర్చుంది. చేతి వణుకు పూర్తిగా పోలేదు. "ఆ తెల్ల మాత్ర ఇవ్వడం లేదేం నాయనా?" అని అడిగింది.

"ఆపేశారత్తా."

"అసలు దేనికిచ్చారంట?"

ఆపరేషనైన మూడో రాత్రి సంగతి చెప్పాను. నాన్నను పిలిచిందని కూడా చెప్పాను. ఆమెకేమీ గుర్తులేదు.