అన్న జీతం కంటే తమ్ముడి జీతం ఎక్కువ

ఇంకో కట్టె ఎగదొయ్యరా, చెబుతాను. మీరంతా బేస్‌బాల్, బేస్‌బాల్ అంటారే, ఆ ఆటకి జీతాలు పుట్టిన రోజుల ముచ్చట ఇది.

జార్జ్ రైట్ అని ఒకడు, 1847లో పుట్టాడు. వాళ్ల నాన్న ఇంగ్లండ్ నుంచి న్యూయార్క్ వచ్చి, క్రికెట్ క్లబ్బులో జీతానికి ఆడేవాడు. బేస్‌బాల్లో మాత్రం అప్పట్లో డబ్బు పుచ్చుకోవడం తప్పు. అందుకని చాటుమాటు వ్యవహారం. 1867లో వాషింగ్టన్ జట్టు వీణ్ణి ప్రభుత్వ గుమాస్తా అని రాసుకుంది. ఆ ఆఫీసు చిరునామాకి వెళ్లి చూస్తే ఏముందనుకున్నారు? పార్కు!

1869లో సిన్సినాటీ జట్టు ఆ ముసుగు తీసేసింది. అందరికీ బాహాటంగా జీతాలిచ్చింది. జట్టు నడిపే అన్న హ్యారీకి 1,200 డాలర్లు, తమ్ముడు జార్జ్‌కి 1,400! ఆ ఏడు కొత్తగా పడ్డ రైలుదారిలో శాన్‌ఫ్రాన్సిస్కో దాకా పోయి ఆడారు. ఆ ఏడు మొత్తం 57 మ్యాచ్‌లు గెలిచారు, ఒక్కటీ ఓడలేదు.

జార్జ్ షార్ట్‌స్టాప్. అంటే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య కాపలా. అప్పట్లో గ్లవ్స్ లేవు, దూసుకొచ్చే బంతిని ఒట్టి చేతుల్తో ఆపాల్సిందే.

1870 జూన్ 14న బ్రూక్లిన్‌లో మ్యాచ్. పదో ఇన్నింగ్స్, అవతలి జట్టువాళ్లు ఒకటో బేస్ మీద ఒకడు, రెండో బేస్ మీద ఒకడు. బంతి గాల్లోకి లేచి సరిగ్గా వీడి మీదికే వచ్చింది. పట్టేస్తాడు కదా అని ఇద్దరూ బేస్ వదల్లేదు. వీడు కావాలనే కింద పడనిచ్చాడు! ఇక వాళ్లు పరిగెత్తక తప్పదు. బంతి తీసి మూడో బేస్‌కి విసిరాడు, అక్కణ్ణుంచి రెండో బేస్‌కి. ఇద్దరూ అవుట్. ఇలాంటి ఎత్తులు ఇక సాగకుండా 1890ల్లో ఏకంగా రూలే పెట్టారు. ఇంత చేసినా పదకొండో ఇన్నింగ్స్‌లో 8–7తో ఓడారు. జైత్రయాత్ర అక్కడితో సరి.

తర్వాత అన్నదమ్ములిద్దరూ బోస్టన్ చేరి, జట్టుని చాలాసార్లు ఛాంపియన్‌గా నిలిపారు. జార్జ్ ఆట సామాన్ల కంపెనీలో వాటా కూడా పెట్టాడు. 1879లో మాత్రం అన్న నుంచి విడిపోయాడు. ప్రావిడెన్స్ జట్టుకి తానే మేనేజరయ్యాడు. ఆ ఏడు ప్రావిడెన్స్‌కి మొదటి స్థానం, హ్యారీ బోస్టన్‌కి రెండో స్థానం. జట్టు నడపడం జార్జ్ చేసింది ఆ ఒక్క ఏడే. అదీ అన్నగారి మీదే గెలిచి!