కొక్కెర తెగులూ, వెల్లుల్లి ఉండలూ

కొక్కెర తెగులు దిగిందంటే మా ఊళ్లో గంపలు ఖాళీ అయ్యేవి. పొద్దున గింజలకు రాని కోడి సాయంత్రానికి ఆకుపచ్చగా పారుకునేది. ఒకటి రెండు రోజుల్లో మెడ వంకర తిరిగేది. మా నాయనమ్మ రోలు ముందు కూర్చుని వెల్లుల్లి రెబ్బలు, చిన్న ఉల్లిపాయ, పసుపుకొమ్ము నూరి, తవుడుతో ఉండలు చేసి, ముక్కు విప్పి గొంతులో వేసేది. కోడి బతికితే మందు పనిచేసినట్టు, చస్తే వేయడం ఆలస్యమైనట్టు. ఈ లెక్కలో వెల్లుల్లికి ఓటమే లేదు.

పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరాక ఆ తెగులు పుట్టుపూర్వోత్తరాలు తెలిశాయి. 1926లో జావాలోనూ, ఇంగ్లండులోని న్యూకాజిల్ దగ్గరా బయటపడింది. మరుసటి ఏడు కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో కనబడితే, మన దేశంలో ఆ ఊరి పేరే దానికి ఖాయమైంది. ఆ కొండల్లోనే ముక్తేశ్వర్ ప్రయోగశాలవాళ్లు 1940ల్లో వైరస్‌ను కోడిగుడ్లలో పదేపదే పెంచి, బలం తగ్గించి టీకా చేశారు. ఎనిమిది వారాల పిల్లలకు రెక్క కింద వేసే ఆర్‌టూబీ టీకా దాని సంతతే. ఐసుముక్కలేసిన ఫ్లాస్కులో సీసా పెట్టుకుని తెల్లారకముందే ఊళ్లోకి వెళ్లేవాళ్లం. ఎండెక్కితే మందు పాడవుతుంది, గంప ఎత్తితే కోళ్లు దిబ్బల మీదికి పోతాయి. మా కోళ్లను నిలబెట్టింది ఆ సీసానే.

అలాగని వెల్లుల్లిని కొట్టిపారేయలేం. 1944లో అమెరికాలో కావలిటో, బెయిలీ అందులోంచి అల్లిసిన్‌ను వేరుచేసి, అది క్రిములను చంపుతుందని చూపారు. రెబ్బ చితికితేనే అది పుడుతుంది, ఎక్కువసేపు నిలవదు. ముందే ఉడికిస్తే అసలు పుట్టదు. అప్పటికప్పుడు నూరి వేయడం మంచి పద్ధతే అన్నమాట! కానీ దాని వేళ బాగాలేదు, అవి పెన్సిలిన్ రోజులు. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తయారీలో మిగిలిన పిప్పి తిన్న కోడిపిల్లలు తొందరగా ఎదుగుతున్నాయని 1950లో జూక్స్, స్టోక్‌స్టాడ్ ప్రకటించాక, దాణా నిండా యాంటీబయాటిక్సే. మందులకు లొంగని క్రిములు భయపెట్టాక గాలి మళ్లింది. ఎదుగుదల కోసం యాంటీబయాటిక్స్ వాడటం యూరప్ 2006 జనవరి 1 నుంచి మాన్పించింది. మన ప్రభుత్వం 2019లో కోళ్లకు, పశువులకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడటాన్ని నిషేధించింది. అప్పుడు వెల్లుల్లి మళ్లీ గుర్తొచ్చింది, ఈసారి పొడి రూపంలో, సంచిలో.

పరిశోధకులు దాణాలో వెల్లుల్లి, ఉల్లి పొడులు కలిపి, కోళ్ల రక్తంలో యాంటీబాడీలు కొలుస్తారు. కోసి, రోగనిరోధక అవయవాలైన ప్లీహం, బర్సా తూకం వేస్తారు. కొన్నిచోట్ల పెరుగుదల కనిపించింది, కొన్నిచోట్ల తేడాయే లేదు. పొడి ఎలా ఆరబెట్టారు, ఎంత కలిపారు అన్నవి కూడా లెక్కలోకొస్తాయి. ఉల్లి మోతాదు మించితే ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. పైగా ఈ పరీక్షల్లో చాలావాటిలో కోళ్లకు టీకా పడే ఉంటుంది. పొడి అమ్మవచ్చేవాళ్లు ఆ ముక్క మింగేస్తారు. మా కోడలు నూకల్లో వెల్లుల్లి నూరి కలుపుతానంటే కలపమంటాను, ఏడో రోజున పిల్లల కంట్లో లసోటా టీకా చుక్క వేశాకే.